పక్షాలు మారే పులిమేక

కొండవాక దొర కోటప్పకు ఆటల పిచ్చి. చదరంగంలోగానీ పులిమేకలోగానీ ఆయన ఓడిందే లేదు. ఎదుట కూర్చున్నవాళ్లు కావాలనే ఓడిపోయేవారు మరి. చివరికి ఆయనకే విసుగొచ్చి, కొత్త ఆట తెచ్చి తనను గెలిచినవాళ్లకు కోరింది ఇస్తానని చాటింపు వేయించాడు.

మేకలు కాసుకునే గంగులమ్మ కొలువుకు వచ్చింది. దొర వేట కోసం కొండ మూయించినప్పటినుంచీ ఆమె మేకలకు మేత కరువైంది.

"ఇది మన పులిమేకే దొరా. కాకపోతే ప్రతి ఎత్తుకు ముందు అష్టాచెమ్మా గవ్వలు వెయ్యాలి. ఎవరికి ఎనిమిది పడినా ఇద్దరం పక్షాలు మార్చుకోవాలి," అంది.

దొర పులుల్ని తీసుకున్నాడు. గంగులమ్మ మేకల్ని తెచ్చి తెచ్చి పులి నోటి ముందు పెట్టసాగింది.

"మేకలు కాసేదానివి, ఇదేనా నీ కాపలా?" అన్నాడు దొర. కొలువంతా నవ్వింది.

రెండు మూడు మేకలే మిగిలాయనగా దొర వేసిన గవ్వలు ఎనిమిది పడ్డాయి. మాట ప్రకారం పులులు గంగులమ్మకు వచ్చాయి, ఆ మిగిలిన మేకలు దొరకు దక్కాయి. అవీ ఎంతోసేపు నిలవలేదు.

దొర ముఖం ఎర్రబడింది. "నువ్వు కావాలనే చెడగొట్టుకున్నావు. ఇదీ ఒక ఆటేనా?"

"తమరి ఎదుట అందరూ ఆడేది అలాగే కదా దొరా. నేను కొత్తగా కలిపింది గవ్వలొక్కటే."

కొలువులో ఒక్కరూ తల ఎత్తలేదు. దొర వాళ్లందరినీ కలయజూసి, కాసేపటికి తనే నవ్వేశాడు.

ఆ సాయంత్రమే కొండ తెరిచారు. మర్నాడు దొరతో అదే ఆటకు కూర్చున్న దివాను, ఎలా ఓడిపోవాలో తెలియక, పాపం గెలిచాడు.