అరికాలి చుక్క

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మీరు పెరుగుతున్న ఈ చోట దీన్ని చెప్పేవాళ్ళు లేరు, అందుకని నేనే చెబుతున్నాను. ఇందులో భయపడే చోట్లు చాలా ఉన్నాయి. చివరికి అమ్మ క్షేమంగా ఇంటికి వస్తుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక దగ్గరికి జరగండి.

అనగనగా కొండల నడుమ ఒక రాజ్యం. దాన్ని విశాలవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన రాణి చారుమతి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. జయపాలుడు పెద్దవాడు, రణపాలుడు నడిమివాడు, కువలయుడు చిన్నవాడు. ముగ్గురికీ మీసాలు వచ్చినా రాణి మాత్రం రోజూ పొద్దున్నే ఆముదం దీపం మసితో చేసిన కాటుక తీసి, ముగ్గురి కుడి అరికాళ్ళకీ దిష్టిచుక్క పెట్టేది. పెద్దవాడు గడప దాటగానే తుడిచేసుకునేవాడు. నడిమివాడు ఎవరైనా నవ్వితే కడిగేసుకునేవాడు. కువలయుడు అలాగే ఉంచుకునేవాడు. అమ్మ పెట్టింది కదా అని, అంతే.

రాజు దూరదేశాలకి ప్రయాణం కట్టాడు. ఎక్కడికి వెళ్ళినా రాణిని చూసుకోవచ్చని ఆమె బొమ్మ వేయించాలనుకున్నాడు. ఆస్థానంలో ఒక ముసలి చిత్రకారుడు ఉన్నాడు కానీ, ఆయన ప్రతి బొమ్మలోనూ ఒక మూల దిష్టిచుక్క పెట్టేవాడు. అది రాజుకి నచ్చేది కాదు. సరిగ్గా అప్పుడే ఏడు సముద్రాల అవతలి నుంచి వర్ణకేతు అనే చిత్రకారుడు వచ్చాడు. వాడు పైకి చిత్రకారుడు, లోపల మాంత్రికుడు. అడగకుండా లాక్కునే మాంత్రికుడు కాదు. మన నోటితో మనచేతే అడిగించుకుని పట్టుకుపోయే రకం.

వర్ణకేతు రాజు చేతి నుంచి తాంబూలం అందుకున్నాడు. తాంబూలం ఇచ్చి పుచ్చుకున్నాక ఇద్దరూ మాట తప్పకూడదు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"బొమ్మ ఎలా ఉండాలి మహారాజా?"

"ప్రాణం ఉట్టిపడాలి" అన్నాడు రాజు.

"చుక్క పెట్టమంటారా?"

"నా రాణికి మచ్చ ఎందుకు? వద్దు."

"అయితే ప్రాణం నన్ను పెట్టమన్నట్టేనా?"

"పెట్టవయ్యా" అని రాజు నవ్వాడు. వర్ణకేతు కూడా నవ్వాడు.

ఆ రోజు పొద్దున కొడుకులకి చుక్కలు పెట్టి వచ్చి రాణి కూర్చుంది. వర్ణకేతు తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా వేశాడు. ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖర్నే పెడతారు. కళ్ళు పెట్టబోయే ముందు కువలయుడు అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎడమ కన్ను పెట్టగానే అమ్మ చెయ్యి చల్లబడింది. కుడి కన్ను పెట్టగానే చీర రంగు పోయింది, చేతి గాజుల రంగు పోయింది, పెదవుల రంగు పోయింది. కువలయుడి గుప్పిట్లో ఏమీ మిగల్లేదు. బొమ్మలో మాత్రం అమ్మ కళ్ళు భయంగా కదులుతున్నాయి. వర్ణకేతు బొమ్మ వేసిన గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని గాలిలో కలిసిపోయాడు.

రాజు అన్నమూ నీళ్ళూ ముట్టకుండా కూలబడ్డాడు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు విల్లు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. కువలయుడు అమ్మ ఆఖరిసారి పెట్టిన చుక్క చెరగకుండా కుడికాలికి పట్టుగుడ్డ చుట్టుకుని బయలుదేరాడు. భయం వేసింది. అయినా నడిచాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకుని ఒక ఉడుత కనిపించింది. దాని తోక మీద ఒక్క వెంట్రుకా లేదు. కువలయుడు వల తెంపి విడిపించాడు. తోక ఏమైందని అడిగితే, వర్ణకేతు కుంచెల కోసం పీకేశాడని ఉడుత చెప్పింది. వాడి ప్రాణం ఎక్కడ ఉందో కూడా చెప్పింది. వాడి చిత్రశాల గోడ మీద ఒక చిలక బొమ్మ ఉంది. దానికి కళ్ళు పెట్టలేదు. కళ్ళు లేని బొమ్మ ఎగరదు, చావదు. అందుకే ప్రాణం అందులో దాచుకున్నాడు.

"వాడి ఇంట్లో రంగులన్నీ వాడి మాటే వింటాయి రాకుమారా" అంది ఉడుత. "దానికి కన్ను పెట్టాలంటే వాడిది కాని నలుపు కావాలి."

కువలయుడు ఉడుతని భుజాన ఎక్కించుకుని పడవ ఎక్కాడు. ఏడు సముద్రాల్లోనూ అలలు పడవ లోపలికి వచ్చాయి. అల వచ్చిన ప్రతిసారీ అతను కుడికాలు ఎత్తి పట్టుకున్నాడు. నడుము పడిపోయింది, కాలు తిమ్మిరెక్కింది, కాటుక మాత్రం తడవలేదు. చీకటి నీళ్ళ కింద ఏవో పెద్ద పెద్దవి మసిలాయి. భయం వేసింది. అయినా సాగాడు.

వర్ణకేతు ఇంటి గుమ్మంలో ఒక అమ్మాయి నీళ్ళచెంబుతో నిలబడి ఉంది. ఆమె తరళ, ఒక దేశపు రాకుమారి. తనకి రంగులు నూరేందుకు మనిషి కావాలని వర్ణకేతు ఆమె నోరొక్కటే బొమ్మలో వేసి ఆపేశాడు. అందుకని ఆమె గొంతు గోడమీద ఉంది, ఆమె ఇక్కడ ఉంది.

"దూరం నుంచి వచ్చారు. కాళ్ళు కడుక్కుని రండి" అన్నాడు వర్ణకేతు లోపలి నుంచి. నడిమివాడు ఈ గుమ్మంలోనే చుక్క కడిగేసుకున్నాడు.

కువలయుడు గుడ్డ విప్పి తరళ వంక చూశాడు. ఆమె అతని అరికాలి చుక్క చూసింది. చెంబు వంచి ఎడమకాలి మీదే చప్పుడయ్యేలా నీళ్ళన్నీ పోసేసింది.

లోపల గోడల నిండా మనుషుల బొమ్మలు. అతను నడుస్తుంటే కళ్ళన్నీ అతని వెంట తిరిగాయి. ఇద్దరు అన్నలూ అక్కడే ఉన్నారు. చివర అమ్మ ఉంది. ఆమె చెంపమీద రంగు తడిగా జారుతోంది. భయం వేసింది. అయినా ఏడవలేదు. వర్ణకేతుకి తాంబూలం ఇచ్చి, తన బొమ్మ వెయ్యమన్నాడు.

"ఎలా ఉండాలి? ప్రాణం ఉట్టిపడాలా?"

"ఉన్నది వదలకు, లేనిది చేర్చకు. నేను ఉన్నట్టు వెయ్యి."

"అంతేనా?" అని వర్ణకేతు సంతోషంగా ఒప్పుకున్నాడు.

కువలయుడు చిలక బొమ్మ పక్కనే కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వర్ణకేతు తల వేశాడు, భుజాలు వేశాడు, పాదం దగ్గరికి వచ్చి కుంచె ఆపాడు.

"అదేమిటి?"

"మా అమ్మ పెట్టింది."

"తుడుచుకో."

"ఉన్నది వదలకు అన్నాను. తాంబూలం పుచ్చుకున్నావు."

మాట తప్పితే వాడు వేసిన బొమ్మలన్నీ చెదిరిపోతాయి. పళ్ళు నూరుతూ బొమ్మ పాదానికీ చుక్క పెట్టాడు. తర్వాత కళ్ళు పెట్టాడు. బొమ్మ బొమ్మగానే ఉంది, కువలయుడు కువలయుడిగానే ఉన్నాడు. ఆ చుక్క కాలి మీద ఉన్నంతసేపే అతనికి రక్ష. అది తెలిసిన వర్ణకేతు కుంచెలు కడిగే నీళ్ళకుండ ఎత్తి అతని కాలిమీద కుమ్మరించబోయాడు. ఉడుత ఎగిరి వాడి మణికట్టు కరిచింది. ఆ ఒక్క క్షణంలో కువలయుడు బొటనవేలిని అరికాలికి గట్టిగా అద్ది నలుపు తీసుకున్నాడు.

నీళ్ళు పడ్డాయి. కాలివేళ్ళ రంగు పోయింది, మోకాలి రంగు పోయింది. అతను పడుతూ లేస్తూ గోడని అందుకుని, అమ్మ కాటుకతో చిలకకి కన్ను పెట్టాడు.

చిలక రెప్ప ఆర్పింది. రెక్కలు దులిపి, గోడ వదిలి కిటికీలోంచి ఆకాశంలోకి ఎగిరిపోయింది. దాని వెంట వాడి ప్రాణమూ పోయింది. వర్ణకేతు ఉన్నచోట గుప్పెడు రంగుపొడి మిగిలింది.

బొమ్మల్లోంచి మనుషులు ఒక్కొక్కరే దిగారు. కువలయుడి కాలికి రంగు తిరిగి వచ్చింది, తరళకి గొంతు వచ్చింది. "ఎడమకాలొక్కటే అంత తెల్లగా కడుక్కున్న రాకుమారుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను" అంది. కువలయుడు నవ్వబోయి అమ్మని పట్టుకుని ఏడ్చేశాడు. రాణి ముందు కొడుకు కుడికాలు చూసింది.

"చుక్క ఏదిరా?"

"చిలకకి పెట్టేశానమ్మా."

ఆమె తన కంటి కాటుక వేలికి తీసి మళ్ళీ చుక్క పెట్టింది. వెనక నిలబడ్డ అన్నలిద్దరూ కాళ్ళు ముందుకి చాపారు.

ఇంటికి వచ్చాక కువలయుడికీ తరళకీ పెళ్ళి జరిగింది. పెళ్ళిబొమ్మ వెయ్యడానికి ఆస్థానంలోని ముసలి చిత్రకారుణ్ణి పిలిపించారు. ఎలా ఉండాలి మహారాజా అని ఆయన అడిగాడు.

"ముందు చుక్క పెట్టు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు రాజు.

కువలయుడూ తరళా చాలాకాలం చల్లగా ఏలారు. ఉడుతకి తోక మళ్ళీ గుబురుగా పెరిగింది.

పిల్లలూ, మీరు కూడా దీన్ని మీ తర్వాతి వాళ్ళకి చెప్పండి. మాటలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, చుక్క సంగతి మాత్రం వదలకండి. వాళ్ళు భయపడతారేమో, అమ్మ ఇంటికి వస్తుందని ముందే చెప్పండి.