నామాలు కోడె పెళ్ళి

వరసగా మూడో దూడ కూడా చచ్చిపోయిన రోజు అశ్వత్థం అన్నం ముట్టలేదు. నేరుగా గురువుగారి దగ్గరికి వచ్చి గుమ్మం ముందు కూలబడ్డాడు.

"నేనేం పాపం చేశాను స్వామీ? కడుపారా మేపుతున్నాను. పుట్టిన దూడ పుట్టినట్టే పడి ఉంటోంది, లేవదు. పొదుగు నోటికి అందించినా చీకలేదు. శాంతి చేయిద్దామా?"

మాది ఎర్రమల కొండల్లో చిన్న ఆశ్రమం. మనిషి నడుము ఎత్తు కూడా రాని పొట్టి ఆవులు మా గోశాలలో పద్నాలుగు ఉండేవి. కొండకు అవతల దస్తగిరి తాత దగ్గర ఇంకో ఏడు. ఆ జాతి మరెక్కడా మిగల్లేదు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నా గుండెల్లో రాయి పడేది.

అశ్వత్థం గోశాల చూసుకోవడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు. మనిషి బంగారం, పట్టుదల మాత్రం అంతా ఇంతా కాదు. మొదట్లో ఒక కోడెదూడ నొసట తెల్లటి నామంతో పుట్టింది. దానికి నామాలు అనే పేరు పెట్టాడు. చూసిన భక్తులు చెంపలు వేసుకున్నారు. అంతే, మనవాడికి నామాల పిచ్చి పట్టింది. నామమున్న దూడనే ఉంచేవాడు, లేనిదాన్ని ఊళ్ళో ఎవరికో దానమిచ్చేవాడు. అలా పోయినవన్నీ అక్కడి పెద్ద ఆవుల్లో కలిసిపోయాయి. ఇప్పుడు గోశాలలో ఏ తల ఎత్తినా నామమే. అశ్వత్థం మురిసిపోయేవాడు. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను.

గురువుగారు అంతా విని, "శాంతి సంగతి తర్వాత. గౌరి ఎదకొచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది స్వామీ. రేపు పొద్దున్నే కోడె దగ్గరికి తోలాలి."

"ఊరికే తోలడమేమిటి? పెళ్ళి చేసి తోలుదాం. అక్షింతలు కలుపు."

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఎప్పుడు ఏ అల్లరి పుడుతుందో చెప్పలేం.

తెల్లారి గౌరి కొమ్ములకు పసుపు రాశాం. కోడె మెడలో బంతిపూల దండ వేశాం. గురువుగారు ఉత్తరీయం తీసి ఒక కొస నాకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని ఇద్దరి మధ్యా తెర కట్టారు. కోడె ఆ తెరను నమలడం మొదలుపెట్టింది.

"ఊఁ, మూడు తరాల పేర్లు చదవవయ్యా పురోహితుడా. ముందు పెళ్ళికొడుకువి."

అశ్వత్థం పురోహితుల బిడ్డ. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ అతనే చేయించేవాడు. గోత్రాలు కనుక్కోకుండా ఏ పందిట్లోనూ అడుగు పెట్టడు. ఆ పూట అతనికీ నవ్వొచ్చింది. గొంతు సవరించుకుని రాగం ఎత్తుకున్నాడు.

"పాత నామాలు మునిమనుమడు, పెద్ద నామాలు మనుమడు, నడిమి నామాలు కుమారుడు, చిరంజీవి చిన్న నామాలు..."

"బాగుంది. ఇప్పుడు అమ్మాయివి."

"పాత నామాలు మునిమనుమరాలు, పెద్ద నామాలు మనుమరాలు, నడిమి నామాలు..."

అక్కడ ఆగాడు. గౌరి మొహం చూశాడు, కోడె మొహం చూశాడు. చేతిలోని అక్షింతలు పళ్ళెంలో పోసేశాడు.

"తోబుట్టువులు స్వామీ."

"అయ్యో. పోనీ, మిగతా అమ్మాయిల్లో చూద్దాం. వాళ్ళవి చదువు."

అశ్వత్థం ఒక్కొక్క ఆవు దగ్గరా నిలబడ్డాడు. పెదాల్లోనే పేర్లు చదువుకున్నాడు. చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేసరికి కళ్ళు నిండి ఉన్నాయి. "చదవడానికేం లేదు స్వామీ. అందరివీ అవే పేర్లు."

గురువుగారు కోడె నోట్లోంచి ఉత్తరీయం లాక్కుని దులిపారు. "గౌరి మళ్ళీ ఎదకొచ్చేది ఇరవై ఒక్క రోజులకు, అదే ముహూర్తం. ఈలోగా వేరే సంబంధం చూసుకు రా."

నేనూ అశ్వత్థమూ కొండ దాటి వెళ్ళాం. దస్తగిరి తాత మందలో కోడె ఒక్కటే. బూడిద రంగు, ఒక కొమ్ము కిందికి తిరిగి ఉంది. నొసట నామం కాదు కదా, చుక్క కూడా లేదు.

"దీని పెద్దలెవరు తాతా?"

"మా జేజినాయన నాటి మంద సామీ. ఈ కొండ దిగి ఎన్నడూ పోలే," అన్నాడు తాత. "రూపం చూసి జంకబాకండి. తోలుకపోండి, పని అయినాక పంపీండి."

పలుపు చేతికిస్తూ కాస్త ఆగాడు. "మా ఆవులకూ ఇదే తిప్పలు సామీ. రెండేండ్లుగా ఒక్క దూడా నిలబడలా. మీ నామాల కోడెను మాకు ఇస్తారా?"

"చూద్దాం తాతా," అన్నాడు అశ్వత్థం. ఆ 'చూద్దాం' ఎలాంటిదో నాకు తెలుసు. చిన్న నామాలును అతను పాలబుగ్గల నాటి నుంచి ఒళ్ళో పెట్టుకు పెంచాడు.

దారి పొడవునా కొత్త పెళ్ళికొడుక్కి వంకలు పెడుతూనే నడిచాడు. కొమ్ము బాగాలేదన్నాడు, నడక బాగాలేదన్నాడు. ఆడపిల్ల మేనమామలా గొణిగాడు. నేను నవ్వాపుకుంటూ వెనక నడిచాను. ముహూర్తం దాటాక, గౌరి చూడి కట్టిందని తెలిసి, కోడెను తాతకు తిరిగి అప్పజెప్పాం.

తొమ్మిది నెలలు దాటాక ఒక మధ్యాహ్నం గౌరి ఈనింది. దూడ బూడిద రంగు, ఒంటి నిండా బురద చల్లినట్టు మచ్చలు. అశ్వత్థం పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గౌరి నాకుతోంది. దూడ వెనక కాళ్ళు ఎత్తింది, ముక్కు నేలకు కొట్టుకుని పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. మూడోసారి నిలబడి, ఎవరూ చూపించకుండానే పొదుగు వెతుక్కుంది. చప్పుడయ్యేలా తాగింది.

అశ్వత్థం భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఆశ్రమమంతటికీ పరమాన్నం వండాలన్నాడు. వండింది నేనే అనుకోండి.

మూడో రోజు పొద్దున్నే అతను చిన్న నామాలుకు ఒళ్ళు రుద్ది స్నానం చేయించి పలుపు విప్పాడు.

"ఎక్కడికి?" అన్నారు గురువుగారు అరుగు మీద నుంచి.

"దస్తగిరి తాత మందకు స్వామీ. ఇక అక్కడే ఉంటుంది."

"ఇంత అందగాణ్ణి పంపేస్తే ఎలాగయ్యా? వచ్చిన భక్తులకు మన గోశాలలో చూడ్డానికేముంటుంది?"

అశ్వత్థం పలుపు పట్టుకుని కొండ దారికేసి నడిచాడు. వాకిట్లో ఆరబోసిన కొర్రల్లోకి దూడ దూరింది. తోక నిక్కబొడుచుకుని గంతులేస్తోంది. గింజలు నలుదిక్కులా ఎగురుతున్నాయి.

గురువుగారు దాన్నే చూస్తూ కూర్చున్నారు. అదిలించడానికి మాలో ఒక్కరూ లేవలేదు.