పదకొండో రోజు గుడ్డు సూప్

యూషిన్‌కి నలభై రకాల విందు వంటలు వచ్చు. చేప ముళ్ళన్నీ తీసేసి, మళ్ళీ చెక్కుచెదరని చేపలాగే పళ్ళెంలో పడుకోబెట్టగలదు. అలాంటి మనిషి పది రోజులుగా గుడ్డు సూప్ దగ్గర బోల్తా పడుతోంది. చైనాలో ఏ ఇంట్లోనైనా కూరలు నిండుకున్న పూట, రెండు గుడ్లూ చిటికెడు ఉప్పూ ఉంటే తయారైపోయే సూప్ అది. దానికి గురువు కూడా కావాలా అని మీరనుకోవచ్చు. ఆమె కూడా మొదటిరోజు అలాగే అనుకుంది.

గురువు పెంగ్ ఒకప్పుడు పేరున్న భోజనశాలలో పెద్ద వంటవాడు. ముసలితనంలో నది ఒడ్డున చిన్న ఇంట్లో ఉంటూ, ఉన్న ఒక్క పొయ్యి మీదే వంట నేర్పుతున్నాడు. యూషిన్ ఆయన దగ్గర చేరి ఏడేళ్ళయింది.

ఆ ఊరి వంటవాళ్ళలో ఒక ఆచారం ఉంది. చదువు పూర్తయిందని తోచిన రోజున గురువు శిష్యుడి గరిటెకు ఎర్ర గుడ్డ కడతాడు. ఆ గుడ్డ లేకపోతే ఏ పూటకూళ్ళ ఇంట్లోనూ పొయ్యి ముట్టుకోనివ్వరు. రేవు దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపే ఆవిడ యూషిన్‌కి కబురు పెట్టింది. పున్నమిలోగా ఎర్ర గుడ్డతో వస్తే పొయ్యి ఆమెది, రాకపోతే ఇంకొకరిది. తనదంటూ ఒక పొయ్యి ఉండాలని యూషిన్ ఏడేళ్ళుగా కలలు కంటోంది.

ఆ మాట చెబితే పెంగ్, "సరే. గుడ్డు సూప్ చేసి పెట్టు. బాగుంటే కడతాను" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. కోడి ఎముకలు మరిగించిన నీళ్ళలో అల్లం వేసింది. కాస్త గంజిపిండి కలిపి చిక్కబరిచింది. మంట తగ్గించి, గిలక్కొట్టిన గుడ్డును సన్నటి ధారగా పోసింది. ధార ఆగీ ఆగకముందే వెనకనుంచి పెంగ్ గొంతు వినిపించింది.

"కలుపు!"

ఆమె కలిపింది. కలపక ఏం చేస్తుంది? గురువు నోట మాట పూర్తయ్యేలోపు శిష్యుడి చెయ్యి కదలాలన్నది అక్కడి వంటింటి మర్యాద. ఏడేళ్ళలో ఆమె చెయ్యి ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. సూప్ మాత్రం బియ్యం కడిగిన నీళ్ళలా తయారైంది. పెంగ్ గిన్నెలోకి తొంగిచూసి, తీసుకెళ్ళి పక్కింటి పందికి పోసేశాడు.

రెండోరోజు గుడ్లు మార్చింది. మూడోరోజు కట్టెలు మార్చింది. తర్వాత జల్లెడతో వడగట్టింది, కుండ మార్చింది, పొయ్యి దేవుడికి తీపి ఉండలు కూడా పెట్టింది. ప్రతి ఉదయమూ అదే ధార, అదే "కలుపు!", అదే కడుగు నీళ్ళు. పంది నున్నగా బలిసింది. యూషిన్‌కి తిండి సయించడం మానేసింది.

పదోరోజు మధ్యాహ్నం పెంగ్ గడ్డం గీయించుకోవడానికి బజారుకు వెళ్ళాడు. ఆకలేసి, తన కోసమే ఆమె రెండు గుడ్లు కొట్టింది. ధార పోసి, గరిటె పట్టుకుని, అలవాటుగా ఆ మాట కోసం నిలబడింది. మాట రాలేదు. చూస్తుండగానే గుడ్డు నీళ్ళలో మెల్లగా బిగుసుకుని, పలచని పసుపుపచ్చ రేకులుగా పైకి తేలింది. అప్పుడు ఒక్కసారి కలిపి, నోట్లో పోసుకుంది. పదిరోజులుగా తను చెయ్యాలని తన్నుకులాడిన సూప్ అదే.

ఆమెకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆయనే చెడగొట్టిస్తున్నాడు! తెలిసి చెప్పాడా, వయసు మీదపడి మరిచాడా? ఏదైతేనేం, రేపు మళ్ళీ అంటాడు. గురువు మాట కాదన్న వంటవాళ్ళకు ఆ ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు. రేవు దగ్గరి పొయ్యి మాట అటుంచి, ఈ ఇంటి గడప కూడా దక్కదు. ఆమెకు భయం వేసింది. కానీ మంచి వంటను చేతులారా పాడుచెయ్యడం తలుచుకుంటే అంతకంటే ఎక్కువ అసహ్యం వేసింది.

పదకొండో రోజు ఉదయం ధార పోసింది.

"కలుపు!"

యూషిన్ చెయ్యి కదల్లేదు.

"చెవుడా? కలపమంటున్నాను!"

"కలపను."

వంటింట్లో ఆ మాట ఎవరో పరాయి మనిషి అన్నట్టు వినిపించింది ఆమెకే.

"చెప్తున్నది ఎవరో తెలుస్తోందా?"

"తెలుస్తోంది గురువుగారూ. మీరే. అయినా కలపను."

పెంగ్ విసురుగా ముందుకొచ్చి గరిటె కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది. గురువు చేతిని శిష్యురాలు పట్టుకోవడం! ముసలాయన గుంజుకున్నాడు. ఆమె వదల్లేదు. కుండ మీదనుంచి చూపు తిప్పలేదు. గుడ్డు బిగుసుకుంది. రేకులు ఒకటొకటిగా పైకి వచ్చాయి. అప్పుడు ఆయన చెయ్యి వదిలి, ఒకే ఒక్కసారి మెల్లగా కలిపి, ఉల్లికాడలు చల్లి, గిన్నెలో పోసి, ఆయన ముందు ఠపీమని పెట్టింది.

"మీరే తాగుతారో, పందికే పోస్తారో మీ ఇష్టం. పొమ్మంటే ఇప్పుడే పోతాను. దీన్ని చెడగొట్టడం మాత్రం నావల్ల కాదు."

ఆమె మూట కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పెంగ్ పీట మీద కూర్చుని సూప్ తాగుతున్నాడు. అడుగున మిగిలిన రేకును కూడా వేలితో తీసుకుని తిన్నాడు. తర్వాత రొంటినుంచి ఎర్ర గుడ్డ తీసి, ఆమె గరిటె ఒళ్ళో పెట్టుకుని, వంకరపోయిన వేళ్ళతో చాలాసేపు తంటాలుపడి ముడి వేశాడు.

యూషిన్‌కి కోపం ఇంకా దిగలేదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"పది రోజులు ఎందుకు ఏడిపించారు?"

పెంగ్ గరిటె ఆమె చేతికిచ్చాడు.

"మా గురువుగారు కూడా నన్ను కలపమనేవారు" అన్నాడు. "ఆయన పోయేదాకా నేను కలుపుతూనే ఉన్నాను."