పంక్తిలోంచి లేచిన పుదీనా

ఒకప్పుడు దవనం ఆకు ముదురు పచ్చగా ఉండేది. పుదీనా నాటిన చోటే నిటారుగా నిలబడేది, జానెడు కూడా జరిగేది కాదు. రెండూ ఒకే మడిలో పక్కపక్కన పెరిగేవి. ఒకదాని వాసన ఒకటి పీల్చుకుంటూ, మట్టి కింద వేళ్లు పెనవేసుకుని బతికేవి.

ఆ మడి ఓబుళమ్మది. ఊళ్లో ఏ పెళ్లి జరిగినా వడ్డించేది ఆమే. ఆమె పంక్తిలో పెద్దరెడ్డి విస్తట్లో ఎంత అన్నం పడితే, గొర్రెలు కాసేవాడి విస్తట్లోనూ అంతే పడేది. పెద్దరెడ్డికి అది నచ్చేది కాదు. కానీ నోట్లో ముద్ద ఉన్నప్పుడు ఎవరూ వాదించరు.

మొక్కల దగ్గరా ఓబుళమ్మది అదే ధర్మం. రోజూ పొద్దున్నే దవనానికి రెండు చెంబులు, పుదీనాకు రెండు చెంబులు.

ఒక ఏడు మిడతల దండు వచ్చింది. ఎక్కడి దవనమూ మిగల్లేదు. ఓబుళమ్మ బుట్ట బోర్లించి కాపాడిన ఒక్క మొక్క మాత్రం బతికింది, పక్కనే ఉన్న పుదీనాతో పాటు. ఆ దవనం ఇంకా గింజ పట్టలేదు. అది పోతే లోకంలో దవనం పేరే ఉండదు.

వారం పాటు బుట్ట కింద ఎండ తగలని దవనం తల వాల్చింది.

పక్కింటి చెంగమ్మ కంచె మీదుగా తొంగి చూసింది. "ఒదినా, దాహం వేసి వాలిపోయింది. ఇంకో చెంబు పొయ్యి."

చెంగమ్మ దొడ్లో మునగచెట్టు తప్ప ఏదీ బతకలేదు. అది కూడా ఆమె నాటింది కాదు. అయినా సలహా విషయంలో ఆమెది ధారాళమైన చెయ్యి.

ఓబుళమ్మ దవనానికి మూడో చెంబు పోసింది. తేడా చూపకూడదు కాబట్టి పుదీనాకూ పోసింది. పుదీనా గటగటా తాగింది.

"అమ్మా, నాకు చాలు," అంది దవనం సన్నగా.

"మొహమాటపడకు తల్లీ. నా పంక్తిలో ఎవరికీ తక్కువ జరగదు."

మర్నాటికి దవనం కింది ఆకులు నల్లబడ్డాయి. అప్పుడు పుదీనా నోరు విప్పింది.

"అమ్మా, దీని వేరు నా వేరుకు తగులుతోంది. మెత్తగా, జారుడుగా ఉంది. ఇది దాహం కాదు. కుళ్లిపోతోంది."

ఓబుళమ్మ దవనం కుదురులో వేలు గుచ్చింది. వేలు బురదలో దిగబడింది. ఆమె చెంబు పక్కన పెట్టేసింది.

"నేను తాగేదంతా దానికీ పోస్తున్నావు," అంది పుదీనా. "నన్ను ఇక్కడినుంచి తీసెయ్యి."

"కూర్చున్న దాన్ని పంక్తిలోంచి లేపడమా?" అంది ఓబుళమ్మ. "శత్రువునైనా అలా లేపకూడదే!"

"నువ్వు లేపితే అవమానం. నాకు నేనే లేస్తే కాదు."

దవనం తల ఎత్తలేకపోయింది. "వెళ్లకే," అంది.

పుదీనా పెనవేసుకున్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసుకుంది. నిటారుగా ఉన్న ఒంటిని నేలకు ఆనించి, కణుపు కణుపునా కొత్త వేరు దింపుకుంటూ, మెల్లగా పిల్లకాలువ గట్టు దాకా పాకింది.

ఓబుళమ్మ పొయ్యిలోని బూడిదంతా చేటకెత్తి తెచ్చింది. తడి పీల్చుకోవాలని కుదురు నిండా చల్లింది. గాలికి లేచిన బూడిద దవనం ఆకాకునా అంటుకుంది. మూడు రోజులు ఆమె నీళ్ల చెంబు ముట్టలేదు. నాలుగో రోజు దవనం తల ఎత్తింది.

ఇక దాని పక్కన ఎవరిని నాటాలి? ఈసారి ఓబుళమ్మ ముందు ఆకలి అడిగి, తర్వాత ఆకు వేసింది.

"నాకు రోజూ కడవెడు కావాలి," అంది అరటి పిలక.

"నువ్వు కాలువ దగ్గర కూర్చో నాయనా."

"ఎండ ఉంటే చాలు, నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు," అంది బిళ్లగన్నేరు.

"మట్టి ఆరాకే నాకు పొయ్యి," అంది మరువం.

ఆ రెండింటినీ దవనానికి చెరోపక్క నాటింది. చెంగమ్మ చూసి, "నేను ముందే చెప్పాను కదా," అంది. ఎవరికి చెప్పిందో ఇప్పటికీ తెలియదు.

దవనం గింజ పట్టింది. ఆ గింజలు ఊరూరా వెళ్లాయి. కానీ దవనం, నేస్తం వెళ్లిన రోజు అంటిన ఆ బూడిదను మాత్రం దులుపుకోలేదు. అటు కాలువ గట్టు మీద పుదీనా మళ్లీ నిటారుగా నిలబడలేదు. పాత నేస్తాన్ని చూడాలని మడివైపు తీగలు చాచేది. పొడినేల తగలగానే ఆగిపోయేది. ఇంకో అడుగు వేస్తే తనతో పాటు తడి కూడా వస్తుందని దానికి తెలుసు.

దవనం ఆకు బూడిద రంగులో ఉండేది అప్పటినుంచే. పుదీనా ఎక్కడ నాటినా ఉన్నచోట ఉండకుండా నేలంతా పాకేదీ, పొడినేల అంచున ఆగిపోయేదీ అప్పటినుంచే.