పేగుగోడ కావలివాళ్లు ముందు రుచి ఎందుకు చూస్తారంటే

ఒకప్పుడు మన పేగుగోడలో కాపలా కాసే కణాలకు రుచి చూడటం తెలియదు. కొట్టడం ఒక్కటే తెలుసు.

వాళ్లలో గవరయ్య మహా గట్టివాడు. పైడితల్లి అనే నాలుగేళ్ల పిల్ల కడుపులో అతని కాపలా. పైనుంచి ఏది దిగినా కర్ర తీసేవాడు. పప్పు దిగితే పప్పును, అరటిపండు దిగితే అరటిపండును చితకబాదేవాడు. ఒకసారి ఉడికిన ఆనపకాయ ముక్కను పొద్దంతా తరిమి తరిమి కొట్టి, మీసం మెలేశాడు.

పిల్ల మాత్రం చిక్కి సగమైంది. కడుపునొప్పితో ముడుచుకుపోయి, మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. పేగుగోడ వాచి ఎర్రబడింది.

"ఎవడో దొంగ నా గోడ పగలగొట్టేస్తన్నాడు," అంటూ గవరయ్య పళ్లు నూరుతూ బయలుదేరాడు. గోడంతా దెబ్బలే. ఒక దెబ్బ మీద తన కర్ర ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఇంకోదాని మీదా అంతే. దొంగ దొరికాడు గానీ, పట్టుకోవడానికి మొహం చెల్లలేదు.

పెరుగులో ఉండే సూక్ష్మజీవి ముసలమ్మ ఒకతె ఆ మూలనే కూర్చుని ఉంది. ఆమె నెత్తిన మూడు బొప్పెలు. మూడూ గవరయ్య పెట్టినవే.

"ఏటయ్యా, దొరికేడేటి దొంగ?" అంది.

"దొరికేడు మామ్మా. మా గొప్పోడు. ఆనపకాయ మీద గెలిసేడు," అన్నాడు గవరయ్య తల దించుకుని.

"నవ్వులాట కాదు. పిల్లకి ఆళ్లమ్మ ఇప్పుడు చెంచాడు పెరుగన్నం పెడతంది. అదీ నువ్వు బాదేస్తే పిల్ల దక్కదు. పిల్లే లేకపోతే ఎవరికి కాస్తావ్ కాపలా?"

గవరయ్య పైకే చూస్తూ గోడ దగ్గర నిలబడ్డాడు.

పెరుగన్నం దిగింది. అలవాటైన చేయి కర్ర మీదికి పోయింది. తన మీద తనకే నమ్మకం లేక గవరయ్య ఆ కర్రను కింద పడేసి దాని మీదే కూర్చున్నాడు. గోడ సందులోంచి చేయి చాచి, ఒక మెతుకు తీసి నాలుక మీద వేసుకున్నాడు.

కమ్మగా ఉంది. ఇన్నాళ్లూ తను తన్నింది దీన్నా అని సిగ్గుతో ఏడుపొచ్చింది.

సాయంత్రానికి పైడితల్లి ఇంకో ముద్ద అడిగింది. కొన్నాళ్లకు పాచిపోయిన బజ్జీతో ఒక చెడ్డ క్రిమి దిగింది. గవరయ్య దాన్నీ రుచి చూశాడు, ఉమ్మేశాడు, అప్పుడు లేచాడు కర్ర మీదనుంచి.

అప్పటినుంచే పేగుగోడ కావలివాళ్లు సందులోంచి చేయి చాచి, వచ్చినవాళ్లను ముందు రుచి చూస్తారు. మనం తిన్న అన్నం మనకు ఒంటబడుతున్నదీ అప్పటినుంచే.