తాడు బయటి మనిషి

ఊఁ కొట్టేవారుంటే కొండ మీది రాయి కూడా కథ చెబుతుందంటారు. ఊఁ కొట్టండి, ఒక కొండ మీద జరిగిన కథ చెబుతాను.

ఆ కొండ మీద ఒక దర్గా. దానిని కనిపెట్టుకొని ఉన్న వృద్ధ గురువు పేరు మురాద్ షా. ఆయన శిష్యుడు దస్తగిరి, దిగువ ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు. వేసవి సెలవులు రాగానే దస్తగిరి చిల్లా పట్టాడు. చిల్లా అంటే గుహలో నలభై రోజులు ఒంటరిగా కూర్చుని, పగలంతా ఉపవాసముండి, జపం చేసుకునే దీక్ష. పొద్దు గుంకాక కడుపునిండా తినమన్నాడు గురువు. దస్తగిరి ఒక ఖర్జూరంతో సరిపెట్టాడు. అంతటి గురువుకు ఈపాటి శిష్యుడా అని లోకం అనుకోకూడదని అతని పట్టుదల. లోకం అనుకుందో లేదో గాని, అతను మాత్రం రోజూ అనుకునేవాడు.

దీక్ష సగం దాటేసరికి మనిషి ఎండుపుల్లలా అయ్యాడు. చూడవచ్చిన తోటి మాస్టారు శంకరప్ప బెంబేలెత్తి, "త్రో ఇన్ ది టవల్ అని ఏటేటా పిల్లలకు వల్లె వేయిస్తావే, ఆ పనేదో నువ్వూ చెయ్యవయ్యా" అన్నాడు.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మిత్రుడు కొండ దిగగానే దస్తగిరి గోడ పట్టుకుంటూ గురువు దగ్గరకు వచ్చి, తనకు జరిగిన అవమానం చెప్పుకున్నాడు.

"ఆ మాటకు అర్థమేమిటి?" అన్నాడు గురువు.

"ఓటమి ఒప్పుకోవడం, హజ్రత్. బాక్సింగ్‌లో దెబ్బలకు తాళలేనివాడు ఇక తన వల్ల కాదని బరిలోకి తువ్వాలు విసిరేస్తాడు. పిరికివాడి పని."

"ఎప్పుడైనా చూశావా?"

"లేదు. పాఠంలో చెబుతుంటాను."

మురాద్ షా నవ్వాడు. వయసులో ఉండగా ఆయన రైల్వే కాలనీ బాక్సింగ్ పోటీలలో నీళ్ల బకెట్టు మోసి, బరి చుట్టూ కట్టిన తాడు పక్కన కూర్చున్నవాడు.

"వాడి రెండు చేతులకూ దిండ్లంతేసి తొడుగులుంటాయి నాయనా. తువ్వాలు ఎలా పట్టుకుంటాడు?"

దస్తగిరి జపానికి వేళయిందని లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో కళ్లు బైర్లు కమ్మాయి. గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుని, మళ్లీ గుహ వైపే అడుగేయబోయాడు.

గురువు తన భుజం మీది తువ్వాలు తీసి అతని కాళ్ల ముందు విసిరాడు.

దానిని దాటిపోవడానికి దస్తగిరికి కాలు రాలేదు.

"నేను ఓడిపోయానని అనలేదు, హజ్రత్."

"నువ్వు అనవు. దెబ్బలు తినేవాడు ఎప్పుడూ అనడు. వాడి కంటికి గెలుపు ఒక్కటే కనిపిస్తుంది. తాడు బయట కూర్చున్నవాడి కంటికి వాడు కనిపిస్తాడు. తువ్వాలు విసిరేది ఆ బయటివాడే."

దస్తగిరి ఉన్నచోటనే కూలబడ్డాడు. దర్గాలో వంట చేసే జైనాబీ గంజిగిన్నె తెచ్చి గురువు చేతికిచ్చింది. ఇంకా పొద్దుందని దస్తగిరి గొణిగాడు. ఒంట్లో బాగులేనివాడికి ఉపవాసం లేదని దేవుడే సెలవిచ్చాడు, నీకంటే ఆయనకు ఎక్కువ తెలుసులే అన్నాడు గురువు.

గంజి పొగలు కక్కుతోంది. తాను తూలింది ఇప్పుడే కదా, ఇంతలోనే ఇది ఎప్పుడు కాగిందని దస్తగిరి అడిగాడు.

"ఇవాళ ఒక్కనాడే అనుకుంటున్నావా?" అంది జైనాబీ. "నువ్వు గుహలో కూర్చున్న నాటి నుంచీ హజ్రత్ రోజూ కాయిస్తూనే ఉన్నారు. తాగేవాడు లేక నా మేకలు కొవ్వెక్కాయి."

దస్తగిరి గురువు ముఖంలోకి చూశాడు. ఆయన తలవంచుకుని, గంజి చల్లారడానికి మెల్లగా ఊదుతున్నాడు.

గంజి తాగడానికి శిష్యుడు నోరు తెరిచాడు.

నాకు ఈ కథ మొదట చెప్పినది మా నాయనమ్మ, మా జేజి కాశింబీ, నేను అన్నం మీద అలిగిన ఒక మధ్యాహ్నం.