నిక్కబొడవని చేతులు

ఒకానొక రాజ్యంలో మనుషుల నోటిని నమ్మడం మానేశారు. ముఖాన్నీ నమ్మలేదు. మోచేతి కింద మొలిచే వెంట్రుకల్ని నమ్మారు. నవ్వకండి, ముందు వినండి.

ఆ రాజ్యం పేరు నీలగల్లు. ఏలేవాడు కొమ్మభూపాలుడు. ఊరికే యుద్ధాలకు పోడు, పన్నులు మరీ పిండడు, మనిషి చెడ్డవాడేం కాదు. పద్యాలు రాస్తాడు, అదొక్కటే రోగం. రాసుకుని ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు, నిండుసభలో చదివేవాడు. చదివి ఊరుకున్నా సరిపోయేది, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. రాజే అడిగాక బాగాలేదని ఎవరంటారు? అందరూ "ఆహా" అనేవారు. అని అని ఆ ఆహాలు అరిగిపోయాయి. రాజుకు అనుమానం పట్టుకుంది.

ఆ అనుమానానికి మందు కనిపెట్టినవాడు రాజవైద్యుడు నారనభట్టు.

"నోరు అబద్ధమాడుతుంది మహాప్రభూ, రోమం ఆడదు. ప్రభువుల మీద నిజమైన భక్తి ఉన్నవాడికి ప్రభువుల పద్యం వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చేతులు చూస్తే చాలు, ఎవడు భక్తుడో ఎవడు ద్రోహో తేలిపోతుంది."

ఇంకేముంది, ఆస్థానానికి కొత్త ఆచారం వచ్చింది. రాజు పద్యం చదివేటప్పుడు సభికులంతా చొక్కా చేతులు పైకి మడిచి, చేతులు మోకాళ్ల మీద చాపుకుని కూర్చోవాలి. రోమదర్శులని కొత్త ఉద్యోగులు వచ్చారు. వాళ్లు వరసల మధ్య వంగి నడుస్తూ, ఒక్కొక్క చేతినీ ఏటవాలుగా చూసి "లేచింది!" అనో "పడుకుంది!" అనో కేక పెట్టేవాళ్లు. లేచినవాడికి తాంబూలం, ముందు వరసలో చోటు. పడుకున్నవాడు వెనక్కి. మరీ పడుకుంటే ఉద్యోగమే పోయేది.

ఉద్యోగం పోతుందంటే మగవాళ్లు ఎంత పనైనా చేస్తారు. మహామంత్రి నడుముకు తడిగుడ్డ చుట్టుకుని వచ్చేవాడు. సేనాపతి కళ్లు మూసుకుని అత్తగారిని తలుచుకునేవాడు. ఒక పండితుడైతే పక్కవాడి చేత వీపు మీద నెమలీకతో రాయించుకునేవాడు. సభలో ఎప్పుడూ తుమ్ములే. రాజు మాత్రం ఆ నిక్కిన చేతుల్ని చూసుకుని పొంగిపోయేవాడు. పద్యాలు పొడుగయ్యాయి.

ఆడవాళ్లకు ఈ పరీక్ష లేదు. దయతలచి కాదు, ఆడవాళ్ల అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు గనక.

ఆ సభలో ఉన్న ఆడమనిషి ఒక్కతే, కుప్పసాని. రాణులకు కావ్యాలు చదివి వినిపించడం ఆమె కొలువు. తాటాకు కట్ట కనబడితే అది పురాణమా, వైద్యమా, వాస్తు పుస్తకమా అని చూడకుండా చదివేసేది. గురువు లేడు, ఎవరూ నేర్పలేదు. నోటికి అదుపు లేదని ఆమెకు పేరు. అదుపు లేక కాదు, పెట్టుకోవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

అది నడివేసవి. సభామంటపం పొయ్యి మీద మూకుడులా ఉంది. రాజు చింతలకోట ముట్టడి మీద కొత్త పద్యాలు చదువుతున్నాడు. ఆయన ముట్టడించిన నాటికి ఆ కోటలో ఉన్నవి గబ్బిలాలే. పద్యంలో మాత్రం ఏనుగులు పడిపోతున్నాయి. మంత్రి తడిగుడ్డ ఎప్పుడో ఎండిపోయింది. అంత ఉక్కలో సేనాపతికి అత్తగారు కూడా పనిచేయలేదు.

"పడుకుంది... పడుకుంది... పడుకుంది మహాప్రభూ."

రాజు ముఖం కందగడ్డ అయింది. సరిగ్గా అప్పుడే వంటశాల పెద్ద దోనయ్య పానకం బిందెతో లోపలికి వచ్చాడు.

"వాడు గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడుగా! వాడి చేతులు చూడండి!" అని అరిచాడు రాజు.

రోమదర్శి దోనయ్య చేయి పట్టుకుని వంగాడు. కళ్లు నులుముకుని మళ్లీ వంగాడు.

"మహాప్రభూ! ఈ చేయి లేవనూ లేదు, పడుకోనూ లేదు. దీనికి అసలు వెంట్రుకే లేదు!"

సభ అంతా "హా!" అంది.

నారనభట్టు దిగి వచ్చి దోనయ్య చేతుల మీద వేలు రాశాడు. మోచేతులనుంచి మణికట్ల దాకా తోలు మైనం పూసినట్టు నున్నగా మెరుస్తోంది.

"తెలిసిపోయింది ప్రభూ! తన ద్రోహాన్ని రోమాలు ఎక్కడ బయటపెడతాయోనని వీడు వాటిని నున్నగా గొరిగించుకున్నాడు!"

"కాదు దొరా, నూనె... బాణలి తిరగబడి..." అన్నాడు దోనయ్య.

"నోరు అబద్ధమాడుతుంది," అన్నాడు భట్టు.

రాజు సింహాసనం మీంచి లేచాడు. "నాకు అన్నం వండే చేతులు నా పద్యానికి సాక్ష్యం చెప్పవా? అలాంటి తోలు వీడికెందుకురా? మోచేతుల దాకా ఒలిచెయ్యండి!"

బిందె జారి కింద పడింది. పానకం మెట్ల మీంచి కారిపోతున్నా ఎవరూ చూడలేదు. ఆ మాట అన్నది కోడిని కోస్తుంటే ముఖం తిప్పుకునే కొమ్మభూపాలుడు! పద్యం కోసం! తలారి సైతం తనను కాదేమో అన్నట్టు అటూ ఇటూ చూసి, మెల్లగా ఒరలోంచి కత్తి తీశాడు. దోనయ్య అరవలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని నేల మీద కూలబడ్డాడు.

అప్పుడు, సభలో ఎవరికీ ఊపిరాడని ఆ క్షణంలో, రోమదర్శుల కేకలు మొదలయ్యాయి.

"లేచింది! ఇక్కడ లేచింది! మంత్రిగారిది లేచింది! వరసంతా లేచింది మహాప్రభూ!"

రాజు ముఖం విప్పారింది. "చూశావా భట్టూ! పద్యం కాస్త ఆలస్యంగా ఎక్కింది."

"గొప్ప కవిత్వం అలాగే ఎక్కుతుంది ప్రభూ," అన్నాడు భట్టు.

కుప్పసాని లేచి నిలబడింది. "తలారీ, కాస్త ఆగు నాయనా. ఒలిచాక మళ్లీ తొడగడం నీకు రాదు. ప్రభూ, నాకొక సందేహం."

"నీకా?" అన్నాడు రాజు. ఆమెకు సందేహాలుంటాయని అదే మొదటిసారి వినడం.

"భట్టుగారూ, రోమం మనసు చెప్పినట్టు వింటుందా?"

"ఎందుకు వినదు? మనసులో భక్తి ఉంటే లేస్తుంది, లేకపోతే లేదు. శాస్త్రం. నీకు అర్థం కాదులే అమ్మా."

"కాదులెండి. అయితే ప్రభువులకు ప్రభువుల మీద భక్తి ఉంటుంది కదా? నీలగల్లు మొత్తం ప్రభువుల ఆజ్ఞకు లేచి నిలబడుతుంది కదా? ప్రభువుల చేతి మీద వెంట్రుకల్ని ఒక్కసారి లేవమనండి, చూసి తరిస్తాం."

ఎలా కాదంటాడు? రాజు హుందాగా పట్టుచొక్కా చేతులు రెండూ మడిచి, ఒక చేయి చాపాడు. కనుబొమలు ముడిచి దానివంక ఉరిమి చూశాడు. "ఊఁ" అన్నాడు. "లే!" అని గద్దించాడు. సభ మెడలు చాచింది. రాజు గొంతు తగ్గించి, ఎవరికీ వినబడదనుకుని, "లేవవే, పరువు తియ్యకు" అని బతిమాలాడు.

రోమదర్శి వంగి చూశాడు. పాపం, వాడి ఉద్యోగం వాడిది. "ప... పడుకుంది మహాప్రభూ."

"కుప్పసానీ!" రాజు గొంతు చీలింది. "ఇంకొక్క మాట మాట్లాడావంటే..."

ఆమె రాజు భుజం వెనక్కి చూస్తూ కొయ్యబారిపోయింది. చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రభూ... కదలకండి."

"ఏమిటి?"

"మెడ వెనక. జెర్రి. ఎర్రది, జానెడుంది. చెవిలోకి పోతోంది. అయ్యో, కదలకండి!"

రాజు రాయి అయిపోయాడు. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి. నారనభట్టు వైద్యం మరిచిపోయి పీట మీదికెక్కి పంచె పైకి పట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో, చేయి చూడటం తప్ప మరొకటి తెలియని రోమదర్శి అలవాటు కొద్దీ బిగ్గరగా అరిచాడు:

"లేచింది! రెండు చేతులూ లేచాయి! మెడ కూడా లేచింది మహాప్రభూ!"

"పోయిందా?" రాజు పెదవులు కదపకుండా అడిగాడు.

"వస్తేగా ప్రభూ, పోవడానికి," అంది కుప్పసాని.

రాజును, నిండుసభలో, పురుగు పేరు చెప్పి! మంత్రి కళ్లు మూసుకున్నాడు, ఒలిచేది ఇప్పుడు రెండు తోళ్లని.

"భట్టుగారూ, మీ శాస్త్రం ప్రకారం ప్రభువులకు తన పద్యం మీద లేని భక్తి జెర్రి మీద ఉంది. అదీ, లేని జెర్రి మీద. దీనికేం శిక్ష?"

భట్టు పీట దిగలేదు.

కుప్పసాని రాజు వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు.

"ప్రతి వెంట్రుకకూ తోలు అడుగున ఒక చిన్న తిత్తి ఉంటుంది ప్రభూ, అందులో దాని వేరు. ఆ తిత్తికి పక్కగా సన్నని కండపోగు అంటుకుని ఉంటుంది. చలి వేసినా, గుండె ఝల్లుమన్నా ఆ కండ దానంతటదే బిగుస్తుంది, వెంట్రుక నిక్కుతుంది. కుక్కను చూసిన పిల్లి ఒళ్లు ఉబ్బినట్టే. మనం చెబితే లేవదు, వద్దంటే మానదు. ఇందాక సభంతా లేచింది మీ ఏనుగులకు కాదు. ఒలిచెయ్యమన్నారే, దానికి."

రాజు తన చేతివంక చూసుకున్నాడు. అది ఇంకా నిక్కే ఉంది.

"మరి వీడి చేతికి అసలు వెంట్రుకలే లేవు కదా!" అన్నాడు భట్టు పీట మీంచి. "గొరిగించుకోకపోతే ఏమైనట్టు?"

"గొరిగితే వేరు మిగులుతుంది, నాలుగు రోజుల్లో గరుకు తేలుతుంది. మీ గడ్డం మీకు తెలియదా? లోతుగా కాలితే వేరే పోతుంది. తిత్తీ పోతుంది, కండా పోతుంది. పైన కమ్మేది అతుకు తోలు, అందులో చెమట రంధ్రం కూడా ఉండదు. నా మాట నమ్మకండి, నోటి మాటే కదా. ఇంత ఉక్కలో దోనయ్యను తడిమి చూడండి."

రాజే దిగి వచ్చాడు. దోనయ్య నుదురు తడిమాడు, నీళ్లు కారుతున్నాయి. మెడ తడిమాడు, తడిసి ముద్దయి ఉంది. చంకల్లోంచి చేతులు బయటికి లాగి, అంటిన చెమట తుడిచి, కాస్త ఆగి తడిమాడు. ఆ నున్నటి తోలు బండరాయిలా పొడిగా ఉంది. రాజు తన వేళ్లవంక చూసుకున్నాడు, మళ్లీ తడిమాడు. వెంటనే చేయి వదల్లేదు.

"ఇది... నా వంటశాలలోనేనా?"

"మీ పుట్టినరోజు పిండివంటలకు ప్రభూ," అన్నాడు దోనయ్య నేలకేసి చూస్తూ.

"తోలంటే విప్పి పారేయడానికి పైపంచె కాదు," అంది కుప్పసాని. "లోపలి నీరు ఇంకిపోకుండా కాసేది, బయటి మురికి లోపలికి రానివ్వనిది, ఎక్కడ సుర్రుమంటుందో ముందే చెప్పేది అదే. అందులో సగం ఈ మనిషి ఎప్పుడో మీకిచ్చేశాడు. మిగిలింది కూడా కావాలా? ఇప్పుడతని మెడ చూడండి. అక్కడ తోలు కాలలేదు."

రోమదర్శి వంగాడు. "బాబోయ్! ముళ్లపందిలా లేచింది మహాప్రభూ! ఇంత లేవడం నా కొలువులో చూడలేదు!"

"విన్నారుగా. భట్టుగారి శాస్త్రం నిజమైతే ఈ సభలో దోనయ్యను మించిన భక్తుడు లేడు, ఆ సింహాసనం పక్కన కూర్చోబెట్టి కాలికి గండపెండేరం తొడగండి. అబద్ధమైతే ఆ కత్తి ఒరలో పెట్టించండి. రెంట్లో ఏది కావాలో ప్రభువులే చెప్పాలి."

రాజు తలారి వైపు చేయి విసిరాడు. కత్తి ఒరలోకి పోయిన చప్పుడు మంటపం చివరిదాకా వినబడింది.

ఆ తరువాత ఆయన నెమ్మదిగా సభవైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్లూ మీ అందరివీ లేచాయే?"

మహామంత్రి తల వంచుకుని, నడుము దగ్గర తడుముకుని, ఎండి అట్టకట్టిన గుడ్డ ఒకటి బయటికి లాగి ముందు పెట్టాడు. పండితుడి ఒళ్లోంచి నెమలీక జారింది.

"నువ్వు? నీకేం లేదే!" అన్నాడు రాజు సేనాపతితో.

"మా అత్తగారు ప్రభూ," అన్నాడు సేనాపతి కన్నీళ్లతో.

రాజు మెట్టు మీద కూర్చుండిపోయాడు. పిడుగు పడ్డ చెట్టులా ఉన్నాడు. చివరికి, అంతవరకు ఎన్నడూ అడగని మనిషిని అడిగాడు.

"కుప్పసానీ. అబద్ధం వద్దు. నా పద్యాలకు నీ ఒళ్లు ఒక్కసారైనా గగుర్పొడిచిందా?"

"గగుర్పొడిచింది ప్రభూ. ఇవాళే."

రాజు తలెత్తాడు. "నిజంగానా? ఎక్కడ? ఏనుగు కూలిన చోటా?"

"కాదు. కోట కూలి, శత్రువు పారిపోయి, మంగళం పాడేశారనుకుని నేను నడుం వాల్చబోతుంటే, 'ఇది మొదటి భాగం' అన్నారు చూడండి, అక్కడ."

ముందు రాజు ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. తరువాత భుజాలు కదిలాయి. తరువాత ఆయన మెట్టు మీద వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. రాజు నవ్వాడని చూసుకున్నాక సభ కూడా నవ్వింది, అందరికన్నా ముందు మహామంత్రి.

రోమపరీక్ష ఆ పూటే రద్దయింది. దోనయ్యకు వంటశాలలో బాణలి ముట్టుకోనక్కర్లేని పెద్దరికం, బతికినంతకాలం కూర్చుని తినేందుకు మాన్యం ఇచ్చారు. నారనభట్టును వంటశాలకు పంపారు, కాలిన చేతులకు మందు రాయడం నేర్చుకొమ్మని. రాజు తన మెడలో ముత్యాలహారం తీసి కుప్పసాని చేతిలో పెట్టాడు. ఆమె వద్దనలేదు. కష్టపడి సంపాదించుకున్నది వద్దనడానికి ఆమె పిచ్చిది కాదు. హారం మెడలో వేసుకుని, సర్దుకుని, అడిగింది:

"ప్రభూ, ఆ రెండో భాగం రాశారా, ఇంకా రాయలేదా?"

"రాయలేదు."

"బతికించారు," అంది.